జవాబులు వెనకాల ఉన్న పుస్తకం

గైడు అనగానే మన ఇళ్ళల్లో గుర్తుకు వచ్చేది, పరీక్షలకు వారం ముందు పిల్లవాడు కంఠస్థం చేసే పుస్తకం. తెలుగు ఎం.ఏ. చదివి పద్దెనిమిదేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్న నాకు ఆ జాతి పుస్తకాలంటే ఒళ్ళుమంట. అటువంటి నన్ను పట్టుకుని కిందటి వేసవిలో మా చెల్లెలు, "అన్నయ్యా, పాపకి ఒక మంచి గైడు ఏరిపెట్టు" అంది.

చెల్లెలి కాపురం అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో. పదేళ్ళ కూతుర్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. అక్కడ అది చట్టం ఒప్పుకున్న పనే. లెక్కలూ సైన్సూ ఎలాగో నెట్టుకొస్తోంది గాని, కథల పుస్తకాల దగ్గర చిక్కు వచ్చిపడింది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకని అక్కడ నవలలు కొల్లలుగా ఉన్నాయి. వాటిలో పేరు పొందిన వాటికల్లా, తల్లీ బిడ్డా కూర్చుని మాట్లాడుకోవడానికని విడిగా చర్చా పుస్తకాలు అమ్ముతారు. వాటినే మావాళ్ళు గైడు అంటున్నారు. నెల రోజులు ఉండిపోదామని వచ్చిన చెల్లెలు, ఒకే నవలకు నాలుగు రకాల గైడ్లు పెట్టెలో పెట్టుకు వచ్చింది.

ఆ నవల ఇ. బి. వైట్ 1952లో ప్రచురించిన 'షార్లెట్స్ వెబ్'. విల్బర్ అనే పందిపిల్ల కసాయి కత్తికి బలికాకుండా, షార్లెట్ అనే సాలెపురుగు తన గూటిలో అక్షరాలు అల్లి కాపాడుతుంది. చివరకు జనమంతా వెళ్ళిపోయిన ప్రదర్శన మైదానంలో ఒంటరిగా కన్నుమూస్తుంది.

మొదటి గైడులో అధ్యాయానికి ఇన్ని కఠిన పదాలు, ఇన్ని ఖాళీలు, ఇన్ని ప్రశ్నలు, జవాబులన్నీ వెనకాల. నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది అదే! దిద్దడం తేలిక. మర్నాడే పాపను ఎదుట కూర్చోబెట్టుకుని, "షార్లెట్ మరణం ద్వారా రచయిత చెప్పదలచినదేమిటి?" అని అడిగాను.

"స్నేహం గొప్పదని. వెనకాల ఉందిగా, మామయ్యా!" అంది. ఆ తరువాత వారం రోజులు ఆ నవల ముట్టుకోలేదు.

ఆ ఏడాది మాఘమాసంలోనే మా అమ్మ పోయింది. చెల్లెలికి విమానం టిక్కెట్టు దొరికి వచ్చి చేరేసరికి అంతా అయిపోయింది. ఒక రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాం. పాప నిద్ర పోయిందనే అనుకున్నాను.

"మామయ్యా, షార్లెట్ చచ్చిపోయినప్పుడు పక్కన ఎవరూ లేరు. అమ్మమ్మ పక్కన ఎవరైనా ఉన్నారా?"

నాకు చప్పున నోట మాట రాలేదు. ఆ వేళ నేను కాలేజీలో పరీక్షల కాపలా కాస్తున్నాను. పక్కింటి పిన్నిగారు అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నారని చెప్పాను. నేను మాత్రం లేనని కూడా చెప్పాను. అంతవరకు ఆ సంగతి చెల్లెలితో అనలేదు. ఆమె మంచినీళ్ళ చెంబుతో మెట్ల మీదే నిలబడిపోయింది.

ఆ ప్రశ్న నాలుగు గైడ్లలోనూ లేదు. ఉండదు కూడా. అటువంటి ప్రశ్న పిల్ల నోట రావడానికి చోటు ఇచ్చే గైడు ఏదా అని అప్పుడు మళ్ళీ మొదటినుంచీ తిరగేశాను. ఎయిడన్ ఛేంబర్స్ అనే ఇంగ్లీషు రచయిత 1993లో 'టెల్ మీ' అని ఒక పుస్తకం వేశాడు. ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, ఎక్కడ బోధపడలేదు, దేనికి దేనితో పోలిక తోచింది: ఆయన మూలప్రశ్నలు ఈ నాలుగే. "ఎందుకు?" అని నిలదీయక, "చెప్పు" అనమంటాడు. 1947లో చికాగోలో పుట్టిన గ్రేట్ బుక్స్ సంస్థ పద్ధతి ఇంకొకటి. అడిగేవారు తమకే ఇదమిత్థమని తేలని ప్రశ్నను అడగాలి. ఇవి చదివాక నా పద్దెనిమిదేళ్ళ పాఠాలు తలచుకుంటే కొంచెం సిగ్గనిపించింది.

కనుక గైడు కొనే తల్లులకు నేను చెప్పేది ఇది. ఏదో ఒక అధ్యాయం తెరిచి ప్రశ్నలు చదవండి. అన్నిటికీ జవాబు మీకు ముందే తెలిసిపోతే ఆ పుస్తకం షాపులోనే ఉండనివ్వండి. ఒక్క ప్రశ్న మిమ్మల్ని ఆపి ఆలోచింపజేసినా డబ్బు దండగ కాదు. మాటల అర్థాలను నేను తీసిపారెయ్యను. పదేళ్ళ పిల్లకు మాటలు కావాలి. అయితే కథ నడుమ అడ్డు తగలకూడదు. ఇక, తల్లి నవల చదవకపోయినా పాఠం నడిచిపోతుందని అట్టమీద గొప్పగా వేసుకున్న గైడు ఉన్నదే, దాని జోలికి పోవద్దు. ముందు తల్లి చదవాలి. ఆ మాట అన్నందుకు చెల్లెలు, "వంట నువ్వు చేస్తావా?" అంది. అదీ న్యాయమే.

నాలుగింటిలో, అధ్యాయానికి మూడే ప్రశ్నలున్న పల్చటిది ఏరి ఇచ్చాను. దానికీ వెనకాల జవాబులున్నాయి. చెల్లెలు ఆ పేజీలకు పిన్నులు కొట్టేసింది.

వెళ్ళేటప్పుడు తెత్సుకో కురొయానగి 'తొత్తొ-చాన్'కు మన తెలుగు అనువాదం 'రైలుబడి' ఇచ్చి పంపాను. మూలం జపానులో 1981లో వచ్చింది. అందులో హెడ్మాస్టరు బడిలో చేరవచ్చిన పిల్ల చెప్పిందల్లా నాలుగు గంటలసేపు వింటాడు. దీనికి గైడు ఏమీ పంపలేదు. రోజూ రాత్రి చెల్లెలు చదివి వినిపిస్తోందట.

మొన్న ఆదివారం ఫోను మోగింది. పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను.

"మామయ్యా, ఆ మాస్టారు భోజనాల వేళ దాకా విన్నారు. నీకిప్పుడు ఖాళీయేనా?"

కాగితాల కట్ట పక్కకు నెట్టి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాను.