ఫ్యాక్టరీ నీటిలోని భార లోహాలను ఎలా తీస్తారు? నాలాలో రంగునీళ్లు కనిపిస్తే మీరేం చేయాలి?

తిరుమలగిరి, బోయిన్‌పల్లి వైపు ఉంటున్నారా? బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడలు మీకు కొద్ది కిలోమీటర్ల దూరమే. ఆ వైపు నుంచి వచ్చే కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్లు వాడి వదిలే నీటిలో క్రోమియం, నికెల్, జింక్, రాగి వంటి భార లోహాలు ఉంటాయి. వాటిని తీయకుండా వదిలితే ఏమవుతుంది?

మురుగుశుద్ధి కేంద్రం చాలదా?

చాలదు. ఇళ్ల మురుగును సూక్ష్మజీవులు తినేస్తాయి. లోహాన్ని ఏ జీవీ అరిగించుకోలేదు. అది బురదకు అంటుకుని చెరువు అడుగున పేరుకుపోతుంది. మరిగించినా పోదు. అందుకే ఫ్యాక్టరీ నీరు నాలాలో కలవకముందే తీసేయాలి.

ఎలా తీస్తారు?

కరిగి ఉన్న లోహాన్ని కరగని పదార్థంగా మార్చడమే ఇందులో కీలకం. సున్నం లేదా కాస్టిక్ సోడా కలిపి నీటి పీహెచ్ పెంచితే లోహం హైడ్రాక్సైడ్‌గా మారి, ముద్దలు కట్టి అడుగుకు దిగుతుంది. క్రోమియానికి పీహెచ్ 8.5 దగ్గర, నికెల్‌కు 10 దగ్గర ఉండాలి.

హెక్సావేలెంట్ క్రోమియం మాత్రం సున్నానికి లొంగదు. ముందు ఆమ్లంతో పీహెచ్‌ను 2-3కు దించి, సోడియం బైసల్ఫైట్‌తో ట్రైవేలెంట్‌గా మార్చాలి. సున్నం ఆ తర్వాతే. ఈ దశ ఎగ్గొడితే బురద దిగినా విషం నీటిలోనే ఉంటుంది.

మిగిలిన బురదో?

అది ప్రమాదకర వ్యర్థం. ఫిల్టర్ ప్రెస్‌లో నీరు పిండేసి, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం వంటి చోటికి పంపాలి. చెత్తకుప్పలో పడేస్తే లోహం మళ్లీ నేలలోకి, నీటిలోకి చేరుతుంది.

పరిమితి ఎంత?

1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం వాగులు, చెరువుల్లోకి వదిలే నీటిలో లీటరుకు సీసం 0.1, హెక్సావేలెంట్ క్రోమియం 0.1, నికెల్ 3 మిల్లీగ్రాములు మించకూడదు. పరిశ్రమను బట్టి ప్రత్యేక ప్రమాణాలూ ఉంటాయి.

మీరేం చేయాలి?

మురుగు పొంగితే కంటోన్మెంట్ బోర్డుకు చెబుతారు కదా. రసాయనాలైతే సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలి. చోటు, సమయం, రంగు, వాసన రాసి, ఫొటో జతచేయండి. నీటిని తాకకండి. మీరు సీసాలో పట్టిన నీరు కోర్టులో సాక్ష్యంగా నిలవదు. 1974 నీటి చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారులే యజమానికి నోటీసిచ్చి, నమూనా తీసి, సీలు వేసి ల్యాబ్‌కు పంపాలి. అక్రమంగా వదిలిన నీరు గంటల్లో కొట్టుకుపోతుంది కాబట్టి, చూసిన వెంటనే ఫిర్యాదు చేయండి.