పంగిడి ఆల్చిప్ప

పూర్వం మామిడికాయ చెక్కు తీయడానికి అమ్మమ్మలు ఏం వాడేవారో తెలుసునా? ఆల్చిప్ప! దాని వీపును రాతిమీద అరగదీసి చిల్లు చేస్తే చాలు, చెక్కు చకచకా ఊడివచ్చేది. కోనసీమ పిల్లలకు ఆల్చిప్ప వింత కాదు. కాని రాతిలో ఇరుక్కున్న ఆల్చిప్పను ఎప్పుడైనా చూశారా?

అమలాపురంలో బావి తవ్వితే రాయి తగలదు. అంతా గోదావరి తెచ్చిపోసిన మన్నూ, ఇసుకా. అందుచేత మనం రాజమహేంద్రవరం వెళ్లి, గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా పంగిడి చేరాలి. అక్కడున్నవి నల్లరాతి గుట్టలు. తవ్విన చోట చూస్తే కింద నల్లరాయి, పైన నల్లరాయి, నడుమ పలచని సున్నపురాతి పొర. ఆల్చిప్పలు ఉన్నది ఆ పొరలోనే.

వాటిలో ఒక జాతికి 1860లో స్టీఫెన్ హిస్లాప్ అనే ఆయన 'ఆస్ట్రియా పంగడియెన్సిస్' అని పేరు పెట్టాడు. ఆయన నాగపూరులో ఉండిన మతబోధకుడు. రాళ్లంటే మహా ఇష్టం. చూశారా, ఆ లాటిన్ పేరులో మన పంగిడి ఉన్నది! ఆ జాతి ఇప్పుడు భూమిమీద ఎక్కడా లేదు.

నల్లరాయి ఒకప్పుడు నిప్పులాంటి ద్రవం. దాదాపు 6 కోట్ల 50 లక్షల ఏళ్ల క్రితం, రాక్షసబల్లులు అంతరించిన రోజుల్లో, పడమటి కనుమల వైపు నేల బద్దలై లావా పొంగింది. అది పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడిదాకా వచ్చింది!

మరి ఆ నిప్పులో ఆల్చిప్ప ఎలా బతికింది? బతకలేదు. మొదటి లావా చల్లారి రాయి అయింది. దానిమీదికి సముద్రం వచ్చింది. ఇలాంటి ఆల్చిప్ప పెద్దదయ్యాక నడవలేదు, ఈదలేదు. ఒకచోట అతుక్కుని అక్కడే పెరుగుతుంది. ఏటినీరు, ఉప్పునీరు కలిసే చోటంటే దానికి ప్రీతి. కాబట్టి అప్పుడు పంగిడి దగ్గర ఉప్పుటేరో, సముద్రతీరమో ఉండేదన్నమాట. తరతరాల చిప్పలు పేరుకున్నాక మళ్లీ లావా వచ్చి కప్పేసింది.

రాజోలు పిల్లలు చిన్నబుచ్చుకోనక్కరలేదు. చమురు కోసం తవ్విన లోతైన బావుల్లో, వేల మీటర్ల అడుగున, ఈ నల్లరాయే బయటపడింది. శాస్త్రజ్ఞులు దానికి రాజోలు పేరే పెట్టారు!

ఒక్కటే దిగులు. నల్లరాయి కంకరకు మంచిది గనుక గుట్టలను కొట్టేస్తున్నారు. రాయితోపాటు చిప్పల పొరా పోతుంది. మీరు అటు వెళితే క్వారీ గుంటలోకి మాత్రం దిగకండి. దారిపక్క నల్ల కంకరలో తెల్లని రాయి కనబడితే, తీసి తిప్పి చూడండి.