కణత్వచ నిర్మాణం

నిజామాబాద్ జిల్లాలోని మోర్తాడ్ ప్రాంత రైతులు తవ్విన పసుపును రెండు భాగాలు చేస్తారు. ఒక భాగాన్ని ఉడికించి, కళ్లాల్లో ఎండబెట్టి అమ్మకానికి పంపుతారు. రెండో భాగాన్ని విత్తనం కోసం పచ్చిగానే నీడలో భద్రపరుస్తారు. ఉడికిన కొమ్ము త్వరగా ఎండుతుంది. కానీ ఎన్నటికీ మొలకెత్తదు. ఈ తేడాలో కణత్వచానికి ప్రధానమైన పాత్ర ఉంది.

ప్రతి జీవకణాన్నీ ఆవరించి ఉండే పలుచని పొరయే కణత్వచం. దీని మందం మిల్లీమీటరులో లక్షో వంతుకన్నా తక్కువ. ఇందులో ఫాస్ఫోలిపిడ్‌లనే కొవ్వు అణువులు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. నీటిని ఆకర్షించే తలలు ఒక వరుసలో కణం వెలుపలికి, మరొక వరుసలో కణం లోపలికి తిరిగి ఉంటాయి. నీటిని వికర్షించే తోకలు నడుమ దాగి ఉంటాయి. ఈ వరుసలలో అక్కడక్కడ మాంసకృత్తులు పొదిగినట్లు ఉంటాయి. వాటిలో కొన్ని పదార్థాల రాకపోకలకు ద్వారాలుగా పనిచేస్తాయి. ఈ అణువులు కదలక నిలిచి ఉండవు. పక్కలకు జరుగుతూ ఉంటాయి. 1972లో సింగర్, నికల్సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ నిర్మాణాన్ని ద్రవ మొజాయిక్ నమూనాగా వివరించారు.

కణత్వచం అన్ని పదార్థాలనూ ఒకే తీరుగా పోనీయదు. ఈ గుణాన్ని వరణాత్మక పారగమ్యత అంటారు.

మరిగే నీటి వేడికి మాంసకృత్తులు చెడి, త్వచం ఛిద్రమవుతుంది. కణంలోని నీరు సులభంగా వెలుపలికి వస్తుంది. కొన్ని కణాలకే పరిమితమైన పసుపు వర్ణం కొమ్మంతటా సమంగా వ్యాపిస్తుంది. అయితే ఎల్ల చెరిగిన కణంలో జీవం నిలవదు. విత్తన పసుపులో త్వచాలు చెక్కుచెదరవు. అందువల్లనే తొలకరికి నాటిన ఆ దుంప మళ్లీ మొలకెత్తగలుగుతుంది.