గుడ్డపీలికల గుర్రం, అట్టపెట్టె కోట

దైవప్రవక్త (స) ఒక యుద్ధయాత్ర ముగించుకొని ఇంటికి వచ్చిన సందర్భాన్ని అబూ దావూద్ హదీసు గ్రంథం మనకు తెలుపుతోంది. గూటికి అడ్డంగా ఉన్న తెర గాలికి తొలగి, హజ్రత్ ఆయిషా (రజి) ఆడుకునే బొమ్మలు కనిపించాయి. వాటి నడుమ ఒక గుర్రం, దానికి గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలు. అదేమిటని, దానిమీద ఉన్నవేమిటని ప్రవక్త (స) అడిగారు. గుర్రానికి రెక్కలా అని ఆశ్చర్యపోయారు. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన దవడపళ్లు కనిపించేంతగా నవ్వారు.

ఇంట్లో మిగిలిన గుడ్డముక్కతో కంటికి కనిపించని జీవిని ఊహించి చేయడం ఆ ఇంట తప్పు కాలేదు. నేడు మన పిల్లలు ఖర్జూరపు పెట్టెలు, పెళ్లిపత్రికల దళసరి అట్టలు దాచుకుంటే చెత్త అని ఊడ్చివేస్తున్నాము. అవి ఎంత పనికివచ్చే వస్తువులో చూడండి. అట్టపెట్టె పైకాగితాన్ని తడిపి ఒలిస్తే లోపలి మడతలు పెంకుల కప్పువలె బయటపడతాయి. కోడిగుడ్ల అట్టను నానబెట్టి, ఉడికించిన మైదాపిండి జిగురుతో మెదిపితే కొండలు, బురుజులు లేస్తాయి. గుడ్డుపెంకు ముక్కలు అతికిస్తే రాతిగోడ. ఖాళీ మాత్రల పట్టీలోని బుడగలు చిన్న గుమ్మటాలు. వాడిన టీ ఆకును ఎండబెడితే నేల. చీపురు ఈనెలతో నిచ్చెన. తడి ఆరకుండా తొందరపడితే మాత్రం గోడ బూజు పడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది కొలత. ముందుగా తలుపు ఎత్తు నిర్ణయించాలి. తలుపు బొటనవేలంత అయితే మెట్టు ఎత్తు బియ్యపుగింజ పొడవును మించరాదు. పాశ్చాత్య దేశాల బొమ్మరిళ్లలో ఒక అడుగుకు ఒక అంగుళం లెక్క బాగా వాడుకలో ఉంది.

ఊహాకోట ఎందుకు, మస్జిదు నమూనా చేయించరాదా అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. చేయించవచ్చు. అయితే మస్జిదు ఎలా ఉంటుందో పిల్లవాడికి ముందే తెలుసు. ఎవరూ చూడని కోటలోకి నీరు ఎటునుండి వస్తుంది, కావలివాడు ఎక్కడ నిలబడతాడు అన్నవి వాడే ఆలోచించుకోవాలి. ఆ ఆలోచన మాకు విలువైనదిగా తోస్తుంది.

కోటలు, చెట్లు, పడవల విషయంలో అభ్యంతరం లేదు. ప్రాణుల ప్రతిమల విషయంలోనే ఉలమాలు చర్చించారు. పై హదీసు వంటి ఆధారాలతో పిల్లల ఆటబొమ్మలకు మినహాయింపు ఇచ్చినవారు అనేకులు; ఆ అనుమతి తొలిరోజులకే పరిమితమన్నవారూ ఉన్నారు. అలంకారానికి నిలిపే ప్రతిమ వేరు, పిల్ల చేతిలో నలిగే బొమ్మ వేరు అన్నది మా అభిప్రాయం. సందేహం ఉన్న ఇంట కోటను ఖాళీగానే ఉంచవచ్చు; గుమ్మం ముందు రెండు జతల చిన్న చెప్పులు విడిస్తే లోపల ఎవరో ఉన్నారని పిల్లలకు తెలిసిపోతుంది.