కణం లోపలి వైరస్‌ను పసిగట్టే టి కణాలు

హెచ్ఐవీ కణంలోకి దూరాక యాంటీబాడీలకు అందదు. లోపల ఉన్నదాన్ని కనిపెట్టే పని టి కణాలది. అవి కూడా వైరస్‌ను నేరుగా చూడవు. శరీరంలో దాదాపు ప్రతి కణమూ తనలో తయారైన ప్రోటీన్లను ముక్కలు చేసి, కొన్నిటిని హెచ్ఎల్ఏ అనే అణువులకు తగిలించి పైకి పంపుతుంది. ఒక్కో ముక్కలో ఉండేవి సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాలే. వీధిలో పడేసిన విస్తళ్లను బట్టి ఇంట్లో ఏం వండారో చెప్పినట్టు, సీడీ8 టి కణం ఆ ముక్కను బట్టే లోపల వైరస్ ఉందని గ్రహించి, ఆ కణాన్ని చంపేస్తుంది. పరాయి ముక్కనూ దాన్ని పట్టుకున్న సొంత అణువునూ టి కణం కలిపే చూస్తుందని 1974లో తేల్చిన జింకర్‌నాగెల్, డోహర్టీలకు 1996లో నోబెల్ వచ్చింది.

హెచ్ఎల్ఏ అందరిలో ఒకేలా ఉండదు. తల్లి నుంచి కొంత, తండ్రి నుంచి కొంత వస్తుంది. అందుకే వైరస్ ఒకటే అయినా ఒక్కొక్కరి టి కణాలు ఒక్కో ముక్కను గుర్తిస్తాయి. బి57 అనే హెచ్ఎల్ఏ రకం ఉన్నవారిలో కొందరు మందుల్లేకుండానే ఏళ్ల తరబడి వైరస్‌ను అదుపులో ఉంచుతారు. బి57కు దొరికే ముఖ్యమైన ముక్కలు గ్యాగ్ ప్రోటీన్‌వి. వైరస్ లోపలి గుల్లను కట్టేది అదే. అక్కడ మార్పు వస్తే వైరస్ టి కణం చూపు తప్పించుకుంటుంది గానీ, దాని పెరుగుదల మందగిస్తుంది. మిగతాచోట్ల చాలా మార్పులు దానికి చవకే. పైగా వైరస్ నెఫ్ అనే ప్రోటీన్‌తో హెచ్ఎల్ఏ ఎ, బి అణువులను కణం పైనుంచి లాగేస్తుంది. సి జోలికి సాధారణంగా పోదు. అన్నీ మాయమైతే, హెచ్ఎల్ఏ లేని కణాలను వేటాడే ఎన్‌కే కణాలు అనుమానించి దాడి చేస్తాయి మరి!

హెచ్ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులు వాడేవారికి రక్తపరీక్షలో చూసే సీడీ4 లెక్క పరిచితమే. ఆ పరీక్ష లెక్కించేది చంపే సీడీ8 కణాలను కాదు, వాటికి దన్నుగా నిలిచే సహాయక కణాలను. వైరస్ ప్రధానంగా దూరేది వాటిలోకే. సాయం తగ్గేకొద్దీ సీడీ8 పోరు కూడా నీరసిస్తుంది.

టి కణాలను ముందే సిద్ధం చేసే టీకాలపైనా ప్రయోగాలు జరిగాయి. ఎమొరీ విశ్వవిద్యాలయంలో అమర రామారావు, హ్యారియెట్ రాబిన్సన్‌ల బృందం 2001లో ప్రచురించిన ప్రయోగంలో టీకా వేసిన కోతులకూ వైరస్ సోకింది. అయితే టి కణాలు ముందే సిద్ధంగా ఉండటంతో అది అదుపులో ఉండిపోయింది. మనుషుల్లో ఇంత ఫలితం ఇంకా రాలేదు.

కొన్ని సీడీ4 కణాల్లో వైరస్ జన్యువు డీఎన్ఏలో కలిసి నిద్రాణంగా ఉంటుంది. ప్రోటీన్ తయారుకాదు కనుక పైకి వచ్చే ముక్కా ఉండదు. టి కణాలకు ఆ కణం మామూలుదే. మందులు మానేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరిగేది అక్కడి నుంచే.