బడిలో సంగీతం టీచరు కావాలంటే

పోయిన నెల అసెంబ్లీ అయ్యాక పదకొండో తరగతి అమ్మాయి ఒకతె మా దగ్గరికి వచ్చింది. విశాఖలో ఉండగా గీతాల దాకా నేర్చుకుంది. నాన్నగారి బదిలీతో జోధ్‌పూర్, తరువాత జమ్మూ, ఇప్పుడు ఢిల్లీ. ప్రతి ఊళ్లోనూ కొత్త గురువు, మళ్లీ మొదటి నుంచి సరళీ వరసలు. "నేను సంగీతం టీచర్ని అవ్వాలనుకుంటున్నాను మేడమ్. ఇలా ముక్కలు ముక్కలుగా నేర్చుకున్నది పనికొస్తుందా?" అని అడిగింది. తెలుగు చెప్పుకునే మాకు సంగీతం అంతంతమాత్రం. అయినా తెలిసినవాళ్లను నలుగురిని అడిగాం. మీలో మరికొందరికీ ఈ సందేహం ఉండవచ్చు కనుక తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

మన కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం చెప్పేది ప్రైమరీ టీచరు హోదాలో. పన్నెండో తరగతిలో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ ఉండాలి. హిందీ, ఇంగ్లిషు మాధ్యమాల్లో పాఠం చెప్పగలగాలి. ఎంపికలో రాతపరీక్ష ఒక్కటే కాదు, పాడో వాయించో చూపించాలి కూడా. గొంతు ఎంత బాగున్నా డిగ్రీ లేకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోతాం.

పూర్వం ఇలా ఉండేది కాదు. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత పాఠశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాలుగా నియమించారు. విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాయులీనం విని, ఆయన్ని అక్కడే ఆచార్యుడిగా తీసుకున్నారు. ఇప్పుడు అలా వెళితే ముందు మార్కుల జాబితా అడుగుతారు.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సంగీత, లలిత కళల ఫ్యాకల్టీ 1960 నుంచి ఉంది. అక్కడ హిందుస్తానీతోపాటు కర్ణాటక సంగీతంలోనూ బి.ఏ. ఆనర్స్ చదవవచ్చు. ఈ సంగతి ఇక్కడ ఏళ్లుగా ఉంటున్న తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. సీటు కోసం సీయూఈటీ రాయాలి, పాడి లేదా వాయించి చూపే పరీక్ష కూడా ఇవ్వాలి. 2022 నుంచి నాలుగేళ్ల చదువు వచ్చింది. మూడేళ్లకే డిగ్రీ తీసుకుని బయటికి రావడానికీ వీలుంది.

ఇక ఆ అమ్మాయి అసలు బెంగ: దక్షిణాదిలో నేర్చుకున్నది ఉత్తరాదిలో వృథా అవుతుందా? కాదు. మనం మొదట నేర్చుకునే మాయామాళవగౌళ స్వరాలే ఇక్కడి భైరవ్‌వి. మన మోహనం వీళ్ల భూప్, మన కళ్యాణి వీళ్ల యమన్. స్వరాలు అవే, నడక వేరు. మనకు మేళకర్తలు 72 అయితే, భాత్‌ఖండే రాగాలను 10 థాట్లలో సర్దారు. మన ఆదితాళానికి 8 అక్షరాలు, వీళ్ల తీన్‌తాల్‌కు 16 మాత్రలు. తొమ్మిదో మాత్ర దగ్గర చప్పట్లు కొట్టకుండా చెయ్యి విప్పి చూపాలి. కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

పేర్లతో మాత్రం జాగ్రత్త. మన హిందోళం ఇక్కడ మాల్‌కౌంస్. వీళ్ల హిందోల్ వేరే రాగం. వీళ్ల భైరవి స్వరాలు మన తోడివి, వీళ్ల తోడి స్వరాలేమో మన శుభపంతువరాళివి! ఇంటర్వ్యూలో ఎవరైనా "తోడి పాడు" అంటే, ఏ తోడి అని అడిగి మరీ మొదలుపెట్టాలి.

కర్ణాటక సంగీతంలో డిగ్రీ చేసినా, ఇక్కడి బడిలో ఉద్యోగానికి హార్మోనియం, కొంత హిందుస్తానీ నేర్చుకోక తప్పదు. పిల్లలు పాడే దేశభక్తి గీతాలూ భజనలూ ఎక్కువగా ఆ బాణీలోనివే. పైగా నలభైమందిని ఒక్క శ్రుతిలో నిలబెట్టాలి. టీచరు తనకు వీలైన శ్రుతి పట్టుకుంటే, పిల్లలకు అది మరీ కిందికి పోయి గొణుగుడే మిగులుతుంది. వాళ్ల గొంతుకు తగ్గట్టు హార్మోనియం మీద మెట్టు మార్చుకోవాలి. కచేరీలు చేసేవాళ్లకు కూడా ఈ విద్య వేరుగా అలవడాల్సిందే.

ఈ వివరాలన్నీ ఆ అమ్మాయికి చెప్పాం. ఇప్పుడు శనివారం శనివారం ద్వారకా నుంచి మెట్రోలో కొత్త గురువుగారి దగ్గరికి వెళుతోంది. ఆయన సరళీ వరసలు అడగలేదట, వచ్చిన గీతం పాడించుకుని అక్కడి నుంచే మొదలుపెట్టారట. వాళ్ల నాన్నగారికి ఇక్కడ ఇంకో రెండేళ్లు. ఆ తరువాత ఇల్లు కదిలినా, డిగ్రీ కోసం తను హాస్టల్లో ఆగిపోవాలి. ఆ విషయం అమ్మానాన్నలు ఇంకా ఆలోచిస్తున్నారు.