పాత చిత్రానికి కొత్త ప్రాణం: పునరుద్ధరించేది ఏ ప్రతిని, ఏ భాషను?

ప్రియదర్శన్ దర్శకత్వంలో 1996లో వచ్చిన ‘కాలాపానీ’ ఒక అన్వేషణతో మొదలవుతుంది. 1965లో ఒక యువ సైనికాధికారి అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌కు చేరుకుంటాడు. అర్ధ శతాబ్దం కిందట, 1915లో, రైలు పేల్చివేత నేరం మోపి ద్వీపాంతరం పంపిన గోవర్ధన్ అనే వైద్యుడు ఏమయ్యాడో తెలుసుకోవడమే అతని పని. సెల్యులార్ జైలు పాత దస్త్రాల్లో అతడు వెతకడం ఆరంభించగానే కథ తెరుచుకుంటుంది.

పాత చలనచిత్రాలను పునరుద్ధరించే నిపుణులు చేసే పని కూడా దాదాపు ఇటువంటిదే. చెదలు తినగా, చెమ్మ పట్టగా మిగిలిన ఆధారాల నుంచి ఒకనాటి చిత్రం ఎలా ఉండేదో వారు తేల్చాలి. ఇటీవలి కాలంలో ‘4కె పునరుద్ధరణ’ అన్న ముద్రతో పాత చిత్రాలు డిస్కుల రూపంలోనూ, ఓటీటీ వేదికలపైనా మన ఇళ్లకు వస్తున్నాయి. ఆ ముద్ర చూడగానే బొమ్మ ఎంత స్పష్టంగా ఉందనే మనం చూస్తాం. అయితే అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: అనేక రూపాల్లో, అనేక భాషల్లో తిరిగిన చిత్రంలో పునరుద్ధరణకు నోచుకున్నది ఏ రూపం?

నెగెటివ్ ఎందుకు ముఖ్యం?

డిజిటల్ యుగానికి ముందు చిత్రాన్ని సాధారణంగా 35 ఎంఎం ఫిల్ముపై తీసేవారు. కెమెరాలో తిరిగిన నెగెటివే మూలం. దాని నుంచి మధ్యంతర పాజిటివ్, దాని నుంచి మరో నెగెటివ్, ఆపైన థియేటర్లకు వెళ్లే ప్రింట్లు తయారయ్యేవి. ప్రతి దశలోనూ బొమ్మలోని సూక్ష్మ వివరాలు కొంత తరిగిపోతాయి. అందుచేత ఊరూరా తిరిగి గీతలు పడిన ప్రింటు నుంచి చేసిన పునరుద్ధరణకు, మూల నెగెటివ్ నుంచి చేసిన దానికి మధ్య వ్యత్యాసం సాధారణ ప్రేక్షకుడికి సైతం తెలిసిపోతుంది.

ఫిల్ముకు ప్రధాన శత్రువులు వేడి, తేమ. తొలి దశాబ్దాల్లో వాడిన నైట్రేట్ ఫిల్ము సులువుగా అంటుకొనేది. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారానికి చెందిన నైట్రేట్ నిల్వలు 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ముకు నిప్పు భయం తక్కువే గాని, ఉక్క వాతావరణంలో అది లోలోపల విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తుంది కనుక ఈ జబ్బును ‘వెనిగర్ సిండ్రోమ్’ అంటారు. జబ్బు పట్టిన ఫిల్ము ముడుచుకుపోతుంది, పెళుసుబారుతుంది. పక్కనున్న డబ్బాలకూ చెరుపు చేస్తుంది. చల్లని, పొడి గదుల్లో ఉంచితే దీన్ని దశాబ్దాల పాటు నిలువరించవచ్చు. సముద్ర తీర నగరాల గోదాముల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న డబ్బాలకు ఆ అదృష్టం ఉండదు.

ఈ నిర్లక్ష్యానికి మనం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాశ్ పూనుకొని 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు లేదు. 1931లో వచ్చిన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటీ దొరకడం లేదు.

పని ఎలా జరుగుతుంది?

మొదట దొరికిన సామగ్రినంతా ఒకచోట చేర్చి, ఒక్కో రీలునూ చేతితో పరీక్షిస్తారు. చిరిగిన చోట్ల అతికి, రంధ్రాలను సరిచేసి, శుభ్రపరచిన తర్వాతే స్కానర్‌కు ఎక్కిస్తారు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మూడు గంటల చిత్రంలో 2,59,200 ఫ్రేములు ఉంటాయి. వాటిలో ప్రతిదీ ఒక విడి ఛాయాచిత్రమే. గీతలు, మరకలు, మిణుకు, ఊగిసలాట వంటి దోషాలను కంప్యూటర్ సాయంతో తొలగిస్తారు. యంత్రం పొరపడే సందర్భాలు ఉంటాయి కాబట్టి చివరి మాట మనిషిదే. వాన చినుకును గీతగా భావించి చెరిపివేయగల సాఫ్ట్‌వేర్‌ను ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి.

ఫిల్ముకు సహజమైన సన్నని రేణువులను పూర్తిగా తుడిచివేస్తే బొమ్మ నున్నగా కనిపిస్తుంది, ముఖాలు మైనపు బొమ్మల్లా మారతాయి. రంగుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. కాలక్రమంలో నీలి, ఆకుపచ్చ ఛాయలు వెలిసిపోయి బొమ్మంతా ఎర్రబారిన ప్రింటును చూసి అసలు రంగులను ఊహించడం కష్టం. ఛాయాగ్రాహకుడు జీవించి ఉంటే ఆయన సలహా తీసుకుంటారు. లేకపోతే అలనాటి ప్రింట్లే సాక్ష్యం. ఒక్క మాటలో చెప్పాలంటే, చిత్రం విడుదలైన నాడు ఎలా ఉండేదో అలా చూపడమే పునరుద్ధరణ. మెరుగులు దిద్దడం వేరే పని.

మాయాబజార్, షోలే నేర్పిన పాఠాలు

ఈ తేడాకు తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ‘మాయాబజార్’. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ఈ చిత్రాన్ని హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగుల్లోకి మార్చి, శబ్దాన్ని డీటీఎస్‌కు అనువుగా తీర్చి 2010 జనవరి 30న విడుదల చేసింది. కొత్త తరం ప్రేక్షకులు థియేటర్లకు వచ్చి దాన్ని చూశారు. చిత్రం మళ్లీ జనం నోళ్లలో నానడం మేలే. అయితే మార్కస్ బార్‌ట్లీ ఆ చిత్రానికి వెలుగునీడలు అమర్చింది నలుపు తెలుపుల కోసం. ఆయన సృష్టించిన వెన్నెల ఆ రెండు వర్ణాల మధ్య ఉన్న బూడిద ఛాయల్లోనే ఉంది. కనుక రంగుల ‘మాయాబజార్’ను పునరుద్ధరణ అనడం కంటే పునర్నిర్మాణం అనడం సబబు. రెండూ ఉండవచ్చు, రెండోది వచ్చిందని మొదటిదాన్ని వదిలేయకూడదు.

‘మాయాబజార్’ను తెలుగులోనూ తమిళంలోనూ ఏకకాలంలో తీశారు. తెలుగులో అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు కాగా తమిళంలో జెమినీ గణేశన్. అంటే అవి ఒకే పేరుగల రెండు చిత్రాలు. ఒకదాన్ని కాపాడినంత మాత్రాన రెండోది దక్కినట్టు కాదు.

‘షోలే’ అనుభవం మరో కోణాన్ని చూపింది. 1975లో విడుదలైన ఈ చిత్రానికి సెన్సార్ అభ్యంతరాల వల్ల పతాక సన్నివేశాన్ని మార్చవలసి వచ్చింది. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పునరుద్ధరణకు పూనుకొనే నాటికి మూల నెగెటివ్ వెనిగర్ సిండ్రోమ్‌తో పాడైపోయి ఉంది. భారత్‌లోనూ బ్రిటన్‌లోనూ భద్రంగా మిగిలిన మధ్యంతర ప్రతులే ఆధారమయ్యాయి. 2025 జూన్‌లో ఇటలీలోని బొలోన్యా నగరంలో ప్రదర్శించిన ప్రతిలో దర్శకుడు మొదట తీసిన ముగింపు చోటు చేసుకుంది. యాభై ఏళ్లుగా దేశం చూసిన ‘షోలే’ ఒకటి, దర్శకుడు తలచిన ‘షోలే’ మరొకటి. ఈ రెండింటిలో ఏది అసలు అన్నది సాంకేతికత తేల్చగల ప్రశ్న కాదు.

ఒక స్పానిష్ థ్రిల్లర్ కథ

ప్రతి గురించిన ఈ చిక్కుకు భాష కూడా తోడైతే ఏమవుతుందో ఒక స్పానిష్ చిత్రం తెలియజేస్తుంది. నార్సిసో ఇబాన్యెజ్ సెర్రదోర్ 1976లో తీసిన ఆ థ్రిల్లర్ పేరుకు తెలుగులో ‘పసివాణ్ని ఎవరు చంపగలరు?’ అని అర్థం. ఒక ఆంగ్ల దంపతులు విహారానికి ఓ చిన్న దీవికి వెళతారు. అక్కడ పెద్దవారెవరూ కనిపించరు, పిల్లలు మాత్రమే ఉంటారు. చిత్రం ఆరంభంలో యుద్ధాలకూ కరవులకూ బలైన పసివారి వార్తాచిత్రాలు వరుసగా వస్తాయి. వాటిలో మన ఉపఖండపు దృశ్యాలూ ఉన్నాయి. పెద్దలు చేసిన పాపానికి పిల్లల తీర్పు అన్న భావానికి ఆ దృశ్యాలే పునాది. ‘శాపగ్రస్తుల దీవి’ అనే పేరుతో అమెరికాలో విడుదల చేసినప్పుడు ఆ భాగాన్ని కత్తిరించారు. పునాది తీసేసరికి అది ఒట్టి భయానక చిత్రంగా మిగిలింది.

భాష విషయంలోనూ నష్టం జరిగింది. కథలో భార్యకు స్పానిష్ రాదు. పరాయి గడ్డపై మాట తెలియని ఒంటరితనమే ఆమె భయానికి మూలం. స్పెయిన్ కోసం డబ్బింగ్ చేసిన ప్రతిలో దంపతులతో సహా అందరూ స్పానిష్‌లోనే మాట్లాడతారు. దాంతో ఆ ఒంటరితనానికి ఆధారం లేకుండా పోయింది. విదేశీ చిత్రాలను స్పానిష్‌లోకి తప్పనిసరిగా డబ్ చేయాలని ఫ్రాంకో ప్రభుత్వం 1941లో ఆదేశించిన నాటి నుంచీ ఆ దేశంలో స్థిరపడిన అలవాటు ఇది. 2007లో డార్క్ స్కై సంస్థ డీవీడీగానూ, 2018లో మోండో మకాబ్రో సంస్థ బ్లూరేగానూ తెచ్చాకే, ప్రారంభ దృశ్యాలతో, రెండు భాషలు కలిసిన శబ్దంతో ఈ చిత్రం చాలా దేశాల ప్రేక్షకుల ఇళ్లకు చేరింది. గృహ వీక్షణ కోసం వెలువడిన డిస్క్ ఇక్కడ చిత్రం అర్థాన్నే తిరిగి నిలబెట్టింది.

అండమాన్ నుంచి చూస్తే

భాషాపరమైన ఈ ప్రశ్న ‘కాలాపానీ’కి నేరుగా వర్తిస్తుంది. మలయాళంలో తీసిన ఈ చిత్రం తమిళంలో ‘సిరైచ్చాలై’గా, హిందీలో ‘సజా-ఎ-కాలాపానీ’గా, తెలుగులో ‘కాలాపాని’గా వెళ్లింది. మోహన్‌లాల్, ప్రభు, టబు, అమ్రీష్ పురి వంటి వేర్వేరు భాషల నటులు ఇందులో కనిపిస్తారు. సంతోష్ శివన్ ఛాయాగ్రహణానికి, సాబు సిరిల్ కళా దర్శకత్వానికి జాతీయ పురస్కారాలు లభించాయి. ఇటువంటి చిత్రానికి బొమ్మ ఒకటే అయినా శబ్దాలు నాలుగు. ప్రతి భాషలోనూ సంభాషణలు, పాటలు, గొంతులు వేరు. నెగెటివ్‌ను ఎంత శ్రద్ధగా శుభ్రపరచినా, ఏదో ఒక భాష సౌండ్ టేపు పోతే ఆ భాషవారు థియేటర్లో చూసిన చిత్రం పోయినట్టే. డబ్బింగ్ శబ్దాన్ని మూలానికి నకలుగా చూసే అలవాటు ఉన్నంత కాలం మొదట చేజారేది ఆ టేపులే.

తెలుగువారికి ఈ గొంతు పరాయిది కాదు. 1896-1906 మధ్య సెల్యులార్ జైలును నిర్మించకమునుపే, 1879 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడిన మన్యం వాసులు పలువురిని ఆంగ్ల ప్రభుత్వం ఈ దీవులకు పంపింది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. జనాభాలో సుమారు 13 శాతం మందికి అది మాతృభాష. జైలు ఏడు రెక్కల్లో నేడు మూడే మిగిలాయి. 1979లో జాతీయ స్మారకంగా ప్రకటించడంతో వాటికి రక్షణ దొరికింది. ఆ గోడల మధ్య నడిచే కథను తెలుగులో చెప్పిన సౌండ్ టేపుకు అటువంటి ప్రకటనేదీ లేదు.

గృహ వీక్షణ విలువ కూడా దీవుల్లో మరింత బాగా అర్థమవుతుంది. చెన్నైని అండమాన్‌తో కలిపే సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ ఆప్టికల్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడేది, వేగం చాలా తక్కువ. ఆన్‌లైన్‌లో సినిమా చూడడం కష్టమైన అలాంటి చోట చేతికందే క్యాసెట్టు, డిస్కే ఆధారం. నేడు కేబుల్ వచ్చింది గాని, ఓటీటీ వేదికలపై హక్కుల గడువు తీరగానే చిత్రం మాయమవుతుంది. ఇంట్లో ఉన్న డిస్క్ మాత్రం ఉంటుంది.

ప్రేక్షకుడు ఏం గమనించాలి?

‘పునరుద్ధరించిన ప్రతి’ అన్న ముద్ర కనిపించినప్పుడు కొన్ని వివరాలు వెతకడం మంచిది. స్కాన్ చేసింది నెగెటివ్ నుంచా, ప్రింటు నుంచా? నిడివి విడుదలనాటిదేనా, కత్తిరింపులున్నాయా? ఎక్కడెక్కడ ఏ భాషల శబ్దం ఇచ్చారు? రంగుల దిద్దుబాటును దర్శకుడు గాని, ఛాయాగ్రాహకుడు గాని పర్యవేక్షించారా? ఈ సమాచారాన్ని దాచకుండా చెప్పే సంస్థలు పనిని గౌరవిస్తున్నాయని భావించవచ్చు. తెలుగు ప్రేక్షకులు మరో ప్రశ్న కూడా జోడించాలి: ఈ చిత్రం ఒకప్పుడు తెలుగులో వచ్చి ఉంటే, ఆ తెలుగు శబ్దం ఇందులో ఉందా? అడిగేవారు ఉంటేనే ఆ టేపులను వెతికేవారూ ఉంటారు.